కోవిడ్ తగ్గిన తరువాత ప్రతిరక్షకాలు ఎంతకాలం ఉన్నాయి: నా అనుభవం

2020 ఆగస్టు చివరి వారంలో నాకూ, మావారికీ కోవిడ్ సోకింది. అప్పటికి తిరుపతిలో వ్యాధి ఉద్ధృతంగా ఉంది. యాత్రికులతో కిటకిటలాడే విష్ణునివాసం, శ్రీనివాసం వంటి దేవస్థానం వసతి సముదాయాలు కోవిడ్ సంరక్షణ కేంద్రాలుగా మారాయి. మాకు ఊపిరి అందని స్థితి రాలేదు కనుక బైరాగిపట్టెడలోని మా ఇంట్లోనే వేరుగా ఉండి కోలుకున్నాము. మావారికి జ్వరం గట్టిగానే వచ్చింది. నాకు రెండు మూడు రోజుల ఒళ్ళు నొప్పులు, కొన్ని వారాల పాటు వాసన తెలియకపోవడం తప్ప పెద్ద బాధ ఏమీ కలగలేదు. జబ్బుపడిన రోజుల గురించి ఇప్పటికే ఎందరో రాశారు. నేను చెప్పదలచుకున్నది దాని తరువాతి సంగతి. ఒంట్లో తయారైన ప్రతిరక్షకాలు, అంటే అందరం యాంటీబాడీలు అంటున్నవి, ఎంతకాలం నిలుస్తాయో తెలుసుకోవాలని సుమారు ఏడాదిన్నర పాటు మేము చేయించుకున్న పరీక్షల గురించి, వాటి ఫలితాలను అర్థం చేసుకోవడానికి పడిన శ్రమ గురించి రాస్తున్నాను.

నేను చంద్రగిరి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ఆ ఏడాది నవంబరు 2న రాష్ట్రంలో తొమ్మిది, పది తరగతులు మొదలయ్యాయి. ఇంట్లో డెబ్బై దాటిన, మధుమేహం ఉన్న అత్తయ్య ఉన్నారు. మాకు జబ్బు బయటపడక ముందే ఆమె మా మరిది ఇంటికి వెళ్ళి ఉండడం వల్ల ఆ విడత తప్పించుకున్నారు. నేను రోజూ పిల్లల మధ్య తిరిగి వచ్చి ఆమె పక్కన కూర్చోవాలి. నాకు మళ్ళీ సోకుతుందా, సోకితే ఎప్పుడు సోకవచ్చు, నా నుండి ఆమెకు అంటుతుందా అన్న ప్రశ్నలు నాకు ప్రతి సాయంత్రం ఇంటి గడప దగ్గర ఎదురయ్యేవి. ఆ వైరస్ మనుషుల్లోకి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఏడాది తరువాత రక్తంలో ఏముంటుందో చెప్పగలిగినవారు లోకంలో ఎవరూ లేని కాలమది.

మొదటి పరీక్ష ప్లాస్మా దానం కారణంగా జరిగింది. అక్టోబరులో మాకు తెలిసినవారి బంధువు ఒకరు ఆసుపత్రిలో ఉన్నారని, కోలుకున్నవారి ప్లాస్మా, అంటే ప్రతిరక్షకాలు ఉండే రక్తంలోని ద్రవభాగం, కావాలని కబురు వచ్చింది. ఇద్దరం రక్తనిధికి వెళ్ళాము. కాన్పులైన స్త్రీల ప్లాస్మాను సాధారణంగా తీసుకోరని అక్కడ చెప్పారు. గర్భధారణ సమయంలో తల్లి రక్తంలో తయారయ్యే మరో రకం ప్రతిరక్షకాలు, ఆ ప్లాస్మా ఎక్కించుకున్న రోగి ఊపిరితిత్తులకు హాని చేసే అవకాశం ఉండడమే దానికి కారణం. అందుచేత మావారు ఇచ్చారు. యంత్రం ఒక చేతి నుండి రక్తం తీసుకుని, ఎర్రకణాలను తిరిగి లోపలికి పంపి, లేత పసుపు రంగు ద్రవాన్ని మాత్రం సంచిలో నింపుతుంటే పక్కనే కూర్చుని చూశాను. పాఠంలో ఎన్నోసార్లు బొమ్మ గీసి చెప్పిన విషయమే అయినా, మా ఇంటి మనిషి ఒంట్లోంచి వస్తుంటే మరోలా అనిపించింది. ఆ నెలలోనే ప్లాస్మా చికిత్సపై భారత వైద్య పరిశోధన మండలి జరిపిన అధ్యయనం ఫలితాలు ప్రచురితమయ్యాయి. 39 ఆసుపత్రుల్లో 464 మందిపై జరిగిన ఆ అధ్యయనంలో ప్లాస్మా వల్ల మరణాలు గాని, వ్యాధి ముదరడం గాని తగ్గలేదని తేలింది. 2021 మే నెలలో దాన్ని చికిత్సా మార్గదర్శకాల నుండి తొలగించారు. మావారు ఇచ్చింది పనికి వచ్చిందా లేదా అన్న ప్రశ్న మమ్మల్ని చాలాకాలం బాధించింది. ఆ రోగి కోలుకుని ఇంటికి వెళ్ళారు. అంతకు మించి ఆ సంగతిలో నిర్ధారించి చెప్పగలిగినది లేదు.

దానానికి ముందు మావారికి ఐజీజీ అనే తరగతి ప్రతిరక్షకాలను కొలిచే పరీక్ష చేయించవలసి వచ్చింది. అదే ప్రయోగశాలలో నేనూ రక్తం ఇచ్చాను. ఫలితం ఒక సూచికగా వస్తుంది. అది 1.4 గాని అంతకు మించి గాని ఉంటే పాజిటివ్. నాకు 4.9, మావారికి 6.1 వచ్చింది. జబ్బు తీవ్రంగా వచ్చినవారిలో ప్రతిరక్షకాలు ఎక్కువగా తయారవుతాయని చదివి ఉన్నందున ఆ తేడా నన్ను ఆశ్చర్యపరచలేదు. సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ అక్కడే చేయిస్తే నాది 2.6కు, ఆయనది 4.0కు దిగాయి. మార్చి చివరిలో, రెండో ఉద్ధృతి మొదలవుతున్న రోజుల్లో ఇచ్చిన నమూనాకు నా ఫలితం 0.9 వచ్చింది. పక్కనే లావుపాటి అక్షరాలతో నెగటివ్ అని అచ్చువేశారు. మావారిది తగ్గినా పాజిటివ్‌గానే ఉంది.

ఆ కాగితం పట్టుకుని తిలక్ రోడ్డులో ఆటో కోసం నిలబడినప్పుడు నాకు నిజంగా భయం వేసింది. కౌంటరు దగ్గర అడిగితే, మీ ఒంట్లో ఇక రక్షణ లేదు, జాగ్రత్తగా ఉండండి అన్నారే తప్ప ఇంకేమీ చెప్పలేదు. ఆ మాట ఎంతమందికి చెప్పి ఉంటారో, ఎంతమంది దాన్ని నమ్మి కుంగిపోయి ఉంటారో అని ఇప్పటికీ అనుకుంటాను. వివరణ లేని అంకెను మనిషి చేతిలో పెట్టి పంపడం వైద్యం కాదు.

మా పెద్దమ్మ కొడుకు మైక్రోబయాలజీ వైద్యులు. రాత్రి ఫోను చేసి విషయం చెప్పాను.

“కంగారు పడొద్దమ్మా. రిపోర్టు కింద చిన్నక్షరాల్లో ఏం రాసుండాదో ముందు చదువు,” అన్నారు అన్నయ్య.

చదివాను. పరీక్షా విధానం పేరు, అబాట్ సంస్థ యంత్రం పేరు, ఆ తరువాత ‘న్యూక్లియోక్యాప్సిడ్ ప్రోటీన్‌కు వ్యతిరేకంగా ఏర్పడిన ఐజీజీ’ అన్న మాట ఉన్నాయి. అన్ని నెలలుగా నా దగ్గరున్న కాగితాలన్నింటిపైనా ఆ వాక్యం ఉంది.

“చూసినావా? వైరస్ లోపల జన్యుపదార్థానికి చుట్టుకోని ఉండే ప్రోటీన్ అది. కణంలోకి దూరేదానికి వైరస్ వాడుకునేది స్పైక్. అడ్డుకోవాల్సింది దాన్ని. దానికి పరీక్ష చేయిస్తివా?”

మరునాడే స్పైక్ ప్రోటీన్ పరీక్ష చేసే మరో ప్రయోగశాలకు వెళ్ళాను. అక్కడ నమూనా తీసిన అమ్మాయి ఓపికగా మాట్లాడింది. పసుపు మూత గొట్టంలో పట్టిన రక్తాన్ని గడ్డకట్టనిచ్చి, యంత్రంలో తిప్పి, తీసి చూపించింది. అడుగున ఎర్రని గడ్డ, దాని మీద జిగురు పొర, ఆ పైన గంజినీళ్ళకన్నా తేటగా సీరం. అందులో కొన్ని చుక్కలు చాలునట, ఆ పరీక్షకు. సాయంత్రానికి ఫలితం వచ్చింది. రోష్ సంస్థ పరీక్షలో 0.8 యూనిట్లు ఉంటే చాలు పాజిటివ్ అంటారు. నాకు 96 వచ్చింది.

ఒకే వారం, ఒకే మనిషి, ఒకే చేతి రక్తం. ఒక కాగితం లేవంది, మరొకటి పాజిటివ్‌కు పెట్టిన గీత కన్నా వంద రెట్లకు పైగా ఉన్నాయంది. రెండూ అబద్ధం కాదు. కొలిచినవి వేరు. రెండు ప్రోటీన్లకు ఏర్పడే ప్రతిరక్షకాలు ఒకే వేగంతో తగ్గవు. దానికి తోడు పరీక్ష తయారుచేసిన తీరును బట్టి కూడా ఫలితం మారుతుంది. న్యూక్లియోక్యాప్సిడ్‌పై ఐజీజీని మాత్రమే చూసే ఆ మొదటి పరీక్షలో సూచిక కొన్ని నెలల్లోనే చాలామందిలో గీత కిందికి దిగిపోతుందని విదేశీ అధ్యయనాలు అప్పటికే చూపాయి. రెండో పరీక్ష అన్ని తరగతుల ప్రతిరక్షకాలనూ పట్టుకుంటుంది. పైగా కాలం గడిచేకొద్దీ ప్రతిరక్షకాలు మెరుగుపడి ప్రోటీన్‌ను మరింత గట్టిగా పట్టుకుంటాయి కనుక, సంఖ్యలో తగ్గినా ఇటువంటి పరీక్షలో ఫలితం చాలాకాలం నిలకడగా ఉంటుంది, కొందరిలో పెరుగుతుంది కూడా. 2020లో పత్రికల్లో ఒక వారం మూడు నెలల్లో ప్రతిరక్షకాలు మాయమవుతున్నాయని, మరో వారం ఐస్‌లాండ్‌లో నాలుగు నెలల దాకా తగ్గలేదని, న్యూయార్క్‌లో అయిదు నెలలు నిలిచాయని వార్తలు రావడానికి ఇదొక ముఖ్య కారణమని అప్పుడు అర్థమైంది. అన్ని దేశాల ప్రయోగశాలలు ఒకే కొలమానంతో పోల్చుకునేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణ నమూనాను ఏర్పాటు చేసింది 2020 డిసెంబరులో మాత్రమే.

అయినా నా అసలు ప్రశ్నకు జవాబు ఇంకా మిగిలే ఉంది. ఆ 96 ఎక్కడి నుండి వచ్చింది? ఐజీజీ ప్రతిరక్షకం రక్తంలో చేరాక సుమారు మూడు వారాల్లో సగానికి తగ్గిపోతుంది. నాకు జబ్బు వచ్చి అప్పటికి ఏడు నెలలు, అంటే ముప్పై వారాలు. పది సార్లు సగమైతే మొదటి దానిలో వెయ్యో వంతు మిగలాలి. ఈ లెక్కను తరువాత పదో తరగతి పిల్లల చేత నల్లబల్ల మీద చేయించాను. ఒక అమ్మాయి సుద్దముక్క కింద పెట్టకుండానే, “అట్లయితే టీచర్, మీ ఒంట్లో ఇప్పుడుండేవి కొత్తవి కదా?” అంది. అంతకు మించిన జవాబు నేను ఏ వ్యాసంలోనూ చదవలేదు. సెప్టెంబరులో తయారైనవి ఎప్పుడో పోయాయి. మార్చిలో నా రక్తంలో ఉన్నవి, వైరస్ లేకపోయినా, ఎక్కడో తయారవుతూనే ఉన్నాయి.

ఎక్కడన్నది ఆ మే నెలలో స్పష్టమైంది. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఎక్కువ మందికి స్వల్పంగానే జబ్బు వచ్చిన 77 మంది రక్తాన్ని నెలల తరబడి పరీక్షించారు. వారిలో కొందరు ఎముక మూలుగ నమూనాలు కూడా ఇచ్చారు. ప్రతిరక్షకాలు మొదటి నాలుగు నెలల్లో వేగంగా తగ్గాయి, ఆ తరువాత చాలా నెమ్మదించి, 11 నెలల తరువాత కూడా కనబడ్డాయి. జబ్బు వచ్చిన ఏడెనిమిది నెలలకు తీసిన మూలుగలో, స్పైక్‌కు ప్రతిరక్షకాలు తయారుచేసే దీర్ఘాయువు కణాలు చాలామందిలో దొరికాయి. ప్రతిరక్షకాలు తయారుచేసే కణాలను ప్లాస్మా కణాలు అంటారు. జబ్బు సమయంలో ఒక్కసారిగా పుట్టుకొచ్చే ఈ కణాల్లో ఎక్కువ భాగం కొద్ది రోజుల్లోనే చనిపోతాయి. వాటితోపాటే మొదటి పెద్ద తరుగు వస్తుంది. మూలుగలో స్థిరపడినవి కొద్దిగానే ఉన్నా ఏళ్ళ తరబడి పనిచేయగలవు. అంటే మొదటి నాలుగు నెలల తరుగును చూసి ఏడాదికి ఏమీ మిగలదని గీత గీసేయడం తప్పు. ఆ గీత మధ్యలో వంగుతుంది.

అన్నయ్య చెప్పిన మరో సంగతి, ఒకసారి వచ్చిన వైరస్‌ను గుర్తుంచుకునే జ్ఞాపక కణాల గురించి. వాటిలో బి కణాలు అవసరమైనప్పుడు మళ్ళీ ప్రతిరక్షకాల తయారీకి దారితీస్తాయి, టి కణాలు వైరస్ సోకిన కణాలను గుర్తుపడతాయి. కాలిఫోర్నియాలోని లా జోల్లా సంస్థ 188 మందిపై జరిపి 2021 ఆరంభంలో ప్రచురించిన అధ్యయనంలో, స్పైక్‌ను గుర్తుపట్టే జ్ఞాపక బి కణాలు జబ్బు తగ్గిన నెలకు ఉన్నదానికన్నా ఆరు నెలలకు ఎక్కువగా ఉన్నట్టు కనుగొన్నారు. టి కణాలు కొంత తగ్గినా ఎనిమిది నెలలకూ చాలామందిలో ఉన్నాయి. ఈ కణాలను ఏ ప్రతిరక్షక పరీక్షా చూపదు. “కోతలైనాక పొలం ఖాళీగా కనపడతాది. అట్లని రైతింట్లో విత్తనాలు లేవంటామా?” అన్నారాయన. 2003లో సార్స్ వచ్చి తగ్గినవారిలో 17 ఏళ్ళ తరువాత కూడా ఆ వైరస్‌ను గుర్తుపట్టే టి కణాలు ఉన్నట్టు సింగపూర్ పరిశోధకులు చూపారని కూడా చెప్పారు. నాకు ధైర్యం వచ్చింది.

అయితే ధైర్యం కలిగిన ఆ క్షణంలోనే ఆయన హెచ్చరించారు కూడా. జలుబు తెప్పించే పాత కరోనా వైరస్‌లు మనిషికి మళ్ళీ మళ్ళీ సోకుతాయి, చాలాసార్లు ఏడాది తిరిగేసరికి సోకుతాయి. నెదర్లాండ్స్‌లో పది మంది రక్తాన్ని దశాబ్దాల పాటు దాచి చూసిన అధ్యయనం ఆ సంగతి తేల్చింది. జ్ఞాపకం ఉండడం వేరు, ముక్కులోనే అడ్డుకునేంత ప్రతిరక్షకాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండడం వేరు. రెండోది త్వరగా తగ్గుతుంది. మొదటిది జబ్బు ముదరకుండా కాపాడుతుంది. బ్రిటన్‌లో ఆరోగ్య సిబ్బందిపై జరిగిన సైరెన్ అధ్యయనంలో, ఒకసారి సోకినవారికి మళ్ళీ సోకే అవకాశం సుమారు ఏడు నెలల పాటు 84 శాతం తక్కువగా ఉందని తేలింది. అది చాలా ఎక్కువే, అయినా నూరు శాతం కాదు.

ఆ మిగిలిన భాగం ఎంత బరువైనదో మా పాఠశాలలోనే చూశాము. మా గణితం మాస్టారికి జనవరిలో చేసిన పరీక్షలో ప్రతిరక్షకాలు బాగా ఉన్నాయని వచ్చింది. ఆయన ఆ కాగితాన్ని ఫోనులో ఫోటో తీసి ఉంచుకున్నారు. ఏప్రిల్‌లో 45 ఏళ్ళు దాటిన వారందరికీ టీకా అందుబాటులోకి వచ్చినప్పుడు, నాకు లోపలే ఉన్నాయి కదా అని వాయిదా వేశారు. మేలో ఆయనకు మళ్ళీ సోకి, ప్రాణవాయువు పెట్టించుకునే దాకా వెళ్ళింది. దేవుడి దయ వల్ల బయటపడ్డారు. నెగటివ్ అన్న కాగితం నన్ను అనవసరంగా భయపెట్టినట్టే, పాజిటివ్ అన్న కాగితం ఆయనకు అనవసరమైన నిశ్చింతను ఇచ్చింది. ఇంత ఉంటే చాలు, సోకదు అని అందరూ అంగీకరించిన అంకె ఏదీ లేదు. రోగనిరోధక శక్తిని అంచనా వేసుకోవడానికి ఈ పరీక్షలను వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మే నెలలోనే ప్రకటించింది. మన దగ్గర కూడా ఇవి ప్రధానంగా జనాభాలో ఎంతమందికి సోకిందో తెలుసుకునే సర్వేల కోసం ఉద్దేశించినవి. 2021 జూన్, జులైలలో జరిగిన నాలుగో జాతీయ సర్వేలో 67.6 శాతం మందిలో ప్రతిరక్షకాలు కనబడ్డాయి. అటువంటి సర్వేలో ఒక్క న్యూక్లియోక్యాప్సిడ్‌నే చూస్తే, నా వంటి వారు జబ్బు రానివారి లెక్కలో కలిసిపోతారు. అందుకే రెండూ చూడాలి.

నేను ఏప్రిల్‌లో కోవిషీల్డ్ మొదటి మోతాదు వేయించుకున్నాను. కొన్ని వారాలకు స్పైక్ పరీక్ష చేయిస్తే 250కి పైన అని మాత్రం వచ్చింది. పలచన చేయకుండా ఆ పరీక్ష కొలవగలిగే గరిష్ఠం అంతే. నాకు తెలిసిన, అంతకుముందు జబ్బు రానివారిలో ఒక్క మోతాదుతో ఎవరికీ అంత రాలేదు. జ్ఞాపక కణాలు ఉన్నాయన్నది అప్పటిదాకా నేను నమ్మిన మాట. ఆ ఫలితంలో వాటి పనిని చూశాను. రెండో మోతాదు తరువాత, నవంబరులో, పలచన చేసి కొలిచినప్పుడు అంకె మూడు వేలు దాటింది.

అంత ఉన్నా 2022లో సంక్రాంతి వెళ్ళిన వారంలోనే నాకు గొంతు నొప్పి, జ్వరం వచ్చాయి. కిట్‌తో చూసుకుంటే పాజిటివ్. అప్పుడు వ్యాపిస్తున్న కొత్త రూపం ఒమిక్రాన్. దాని స్పైక్‌లో 30కి పైగా మార్పులు ఉన్నాయి. పాత స్పైక్‌కు ఏర్పడిన ప్రతిరక్షకాల్లో చాలా వాటికి అది పట్టు చిక్కనివ్వలేదు. ప్రయోగశాలలో నా రక్తాన్ని కొలిచింది పాత స్పైక్ ముక్కతో కనుక, మూడు వేలు అన్న అంకె కొత్త రూపం ముందు ఎంతమేరకు పనిచేస్తుందో ఆ కాగితం చెప్పలేదు. జ్వరం రెండు రోజుల్లో తగ్గింది. వాసన పోలేదు. టి కణాలు వైరస్‌లో ఎన్నో ముక్కలను గుర్తుపడతాయి కనుక ఒమిక్రాన్‌ను కూడా చాలావరకు గుర్తుపట్టాయని ఆ రోజుల్లోనే పరిశోధనలు చెప్పాయి.

ఫిబ్రవరిలో మొదటి ప్రయోగశాలకే వెళ్ళి, అదే న్యూక్లియోక్యాప్సిడ్ పరీక్షను కావాలని అడిగి చేయించాము. నా సూచిక 0.9 నుండి మళ్ళీ 5 దాటింది. ఏ లక్షణమూ లేని మావారిది కూడా బాగా పెరిగింది. కోవిషీల్డ్ స్పైక్‌కు మాత్రమే ప్రతిరక్షకాలను ఇస్తుంది కనుక, ఆ పెరుగుదల టీకా వల్ల వచ్చింది కాదు. ఆయనకు తెలియకుండానే జనవరిలో సోకి పోయిందన్నమాట. ఆ పరీక్షకు సరైన ఉపయోగం అది: గడిచిన సంగతి చెప్పడం.

అత్తయ్యకు మాత్రం దానితో ఏమీ తేలదని అన్నయ్య ముందే చెప్పారు. ఆమె వేయించుకున్నది కోవాగ్జిన్. అది చంపిన వైరస్ మొత్తంతో చేసిన టీకా కనుక సోకకపోయినా రెండు ప్రోటీన్లకూ ప్రతిరక్షకాలు ఏర్పడతాయి. జనవరి 10 నుండి అరవై దాటిన దీర్ఘవ్యాధిగ్రస్తులకు ముందుజాగ్రత్త మోతాదు ఇవ్వడం మొదలుపెట్టారు. ముందు రక్తపరీక్ష చేయించి, అంకె తక్కువ ఉంటేనే వేయిద్దామా అని మా మరిది అడిగారు. రెండో మోతాదు పడి తొమ్మిది నెలలు నిండాయా లేదా అన్నదొక్కటే చూడండి, రక్తం తీయించవద్దు అన్నారు అన్నయ్య. ఏప్రిల్‌లో వేసిన చీటీ వెతికి తేదీ చూసుకుని, మూడో మోతాదు వేయించి తీసుకువచ్చాము.